సఫారీ గుడ్డ

ఆ శుక్రవారం పొద్దున్న ఒమాన్‌లోని అజైబా ఒడ్డున కృపావతి సముద్రంలో మునిగింది. మునగడంలో తప్పేం లేదు, అందరూ మునగడానికే వచ్చారు. మునిగాక పైకి తేలాలి, బోర్లాపడిన పడవను తిప్పి నిలబెట్టాలి, మళ్ళీ ఎక్కి కూర్చోవాలి. అదీ పరీక్ష. కృపావతికి తేలడం దగ్గరే చుక్కెదురైంది. ఆరు గజాల చీర కాళ్ళకు చుట్టుకుపోయి, ముక్కులోకీ నోట్లోకీ ఉప్పునీళ్ళు పోయి, చివరికి తోటి నర్సు నఫీసా వచ్చి ఆవిడ జుట్టు పట్టుకుని లాగితే గానీ ఊపిరాడలేదు.

"చీరతో కుదరదు," అంది మార్గరెట్. "వచ్చే శుక్రవారం ఆఖరి ఛాన్సు. నది మీద నిన్ను జుట్టు పట్టుకుని లాగేవాళ్ళు ఉండరు."

మార్గరెట్ మత్రాలోని వాళ్ళ ఆసుపత్రిలో పెద్ద సిస్టర్, ఇంగ్లీషావిడ. ప్రయాణం ఆలోచన ఆవిడదే. ఆఫ్రికాలో రుఫీజీ అనే నది మీద చిన్న పడవల్లో, పడవకి ఇద్దరు చొప్పున, పగలంతా తెడ్లు వేసుకుంటూ పోవడం, చీకటి పడితే ఇసుక తిన్నెల మీద గుడారాలు వేసుకుని పడుకోవడం. దారి చూపించే గైడు నఫీసా అన్నే. నఫీసా జాంజిబార్‌లో పుట్టి, అక్కడ గొడవలయ్యాక తాతల దేశమైన ఒమాన్‌కు వచ్చి, కృపావతి వార్డులోనే నర్సుగా చేరింది. అన్న మాత్రం ఆ నదిని వదల్లేదు. ఆయన కబురంపిన షరతు ఒకటే: నీటిగుర్రాలకు తిక్క రేగితే పడవను కింద నుంచి ఎత్తేస్తాయి, కాబట్టి బోల్తాపడిన పడవలోకి తిరిగి ఎక్కలేని మనిషిని తీసుకురావద్దు.

కృపావతికి ఈ పిచ్చి ఎందుకు పట్టిందని తెలుగువాళ్ళ ప్రార్థన కూటంలో అడగనివాళ్ళు లేరు. జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే లీవు. గల్ఫుకి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ లీవు ఒక్కటంటే ఒక్కటి ఆవిడది కాలేదు. ఒక ఏడు అత్తగారి కంటి ఆపరేషను, ఇంకో ఏడు ఆడబిడ్డ పురుడు, మరో ఏడు పాస్టరు గారి కాలి పుండు. నర్సాపురంలో బస్సు దిగీ దిగకముందే పేటంతా ఇంజెక్షన్లకి చేతులు చాపి నిలబడేది. మన కృప ఉందిగా అనేవాళ్ళు. ఆవిడ ఉంటే ఏ డాక్టరుకీ దణ్ణం పెట్టనక్కర్లేదు, ఎవరి గుమ్మం ముందూ కూర్చోనక్కర్లేదు. లీవు పేరుతో అక్కడ డ్యూటీ చేసి, ఒళ్ళు హూనమై, ఊపిరి పీల్చుకోవడానికి మళ్ళీ మత్రా డ్యూటీకి వచ్చి పడేది పాపం.

ఈ ఏడు మాత్రం వెళ్ళదలుచుకోలేదు. చిన్నప్పుడు గోదావరి కాలవలో ఈత కొట్టిన పిల్ల ఆవిడ. పెద్దమనిషి అయిన రోజు నుంచి నీళ్ళలో దిగనివ్వలేదు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు, ఆవిడకి తప్ప.

తడిసిన చీర పిండుకుని ఇంటికి వచ్చేసరికి బావగారు సత్యరాజు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. కృపావతి భర్త మనోహరానికి స్వయానా అన్న. ఇబ్రిలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్‌కీపరు. మత్రా కూటానికి పెద్ద కూడా ఆయనే కాబట్టి శుక్రవారం శుక్రవారం వస్తాడు. మనోహరం అదే ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను. మంచివాడే, కాకపోతే అన్న ముందు నోరు పెగలదు. అందుకే ఇబ్రి వెళ్ళేవాళ్ళ చేత "కృప సఫారీకి వెళుతోంది" అని సగం కబురు పంపి, మిగతా సగం దేవుడి మీద వదిలేశాడు.

ఆ రోజుల్లో మనవాళ్ళకి సఫారీ అంటే ఒకటే అర్థం. పొట్టి చేతులు, నాలుగు జేబులు, చొక్కాకీ ప్యాంటుకీ ఒకటే గుడ్డ. పెళ్ళిళ్ళలో కాస్త స్థితిమంతుడన్నవాడల్లా అదే తొడుక్కుని తిరిగేవాడు.

"రా అమ్మాయ్," అంటూ సత్యరాజు ఒక పొట్లం విప్పాడు. లోపల బూడిదరంగు టెరికాటన్ గుడ్డ. "తమ్ముడికి సఫారీ కుట్టిస్తే నాకు మాత్రం వద్దేంటి? టైలరు దగ్గరికి ఎలాగూ వెళ్తన్నావు గదా, ఇదీ ఇచ్చెయ్యి. జేబులు నాలుగుండాల. మూతలతో."

కృపావతి మొగుడి వంక చూసింది. ఆయన పైన తిరుగుతున్న ఫ్యానును కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. గుడ్డ పుచ్చుకుని "ఆయ్, అలాగేనండి" అనేసి, తరవాత ఎప్పుడో మెల్లగా చెప్పుకోవచ్చు. మనోహరం కళ్ళతో అదే బతిమాలాడు. కానీ చెవుల్లో ఇంకా సముద్రం హోరు పెడుతోంది, ఒళ్ళు మండిపోతోంది.

"నేను వెళ్ళేది టైలరు దగ్గరికి కాదండి బావగారూ. ఆఫ్రికాకి. నది మీద పడవ ప్రయాణం. దాన్ని సఫారీ అంటారంట."

సత్యరాజు టీ కప్పు కింద పెట్టాడు. "ఎప్పుడు?"

"లీవులో."

"మరి మా దెబోరా పురుడు?"

దెబోరా ఆయన కూతురు, నర్సాపురంలో తల్లి దగ్గర ఉంది. "పిల్లని మిషను ఆసుపత్రిలో చూపిస్తన్నారు గదండీ," అంది కృపావతి. "డాక్టరమ్మ ఉంది. నర్సులున్నారు. అంతా బాగానే ఉందని వాళ్ళమ్మ, అక్క కూడా ఉత్తరంలో రాసింది."

"నర్సులు వేరు, సొంత మనిషి వేరు."

"నేనూ నర్సునేనండి. సొంత మనిషినని పని లేకుండా ఊరికే ఒక్కసారి పిలిచుంటే ఆ తేడా ఏంటో నాకూ తెలిసేది."

మనోహరం ఫ్యాను మీద నుంచి చూపు దించాడు. ఆ ఇంట్లో అన్నతో అలా మాట్లాడినవాళ్ళు అంతవరకు లేరు.

"ఎవరు నేర్పారమ్మాయ్ నీకీ మాటలు?" సత్యరాజు లేచి నిలబడ్డాడు. "అడవిలో, మొసళ్ళ మధ్య, గుడారాల్లోనా? చీర కట్టుకునే తెడ్డేస్తావా?"

"చీర కుదరదండి. ప్యాంటూ చొక్కా కుట్టించుకోవాలి."

ఆ మాటతో పెద్దాయన కోపం నెత్తికెక్కింది. గుడ్డ ఎత్తి ఆవిడ ముందుకు విసిరేశాడు. "ఇంకేం మరి! ఇదీ నువ్వే కుట్టించుకో! నాలుగు జేబులూ పెట్టించుకుని మగరాయుడిలా ఊరేగు! వచ్చే శుక్రవారం కూటానికి కూడా అలాగే రా, అందరూ కళ్ళారా చూస్తారు!"

కృపావతి వంగి గుడ్డ తీసుకుంది. మడత చెదరకుండా దులిపింది.

"ఆయ్, అలాగేనండి."

పుట్టినప్పటి నుంచి ఆవిడ నోట ఆయ్ అంటే ఒప్పుకోవడమే. ఈసారీ లొంగిపోయిందనే అనుకున్నాడు సత్యరాజు. మీసం సవరించుకుని ప్రార్థన మొదలెట్టాడు.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా మత్రా సూక్ బజార్లో ఇనాయత్ టైలరు కొట్టుకి వెళ్ళింది. నఫీసా తోడు వచ్చింది. ఇనాయత్ గుడ్డను వేళ్ళతో నలిపి చూసి మెచ్చుకున్నాడు. సాబ్ కొలతలేవి అని అడిగాడు.

"సాబ్ లేడు. కొలతలు నావే," అంది కృపావతి తనకు వచ్చిన హిందీలో.

ఇనాయత్ టేపు మెడలోంచి తీసినవాడల్లా మళ్ళీ మెడలోనే వేసుకున్నాడు. లోపలికి కేకేస్తే భార్య అక్తరీ బేగం వచ్చింది. తెర వెనక్కి తీసుకెళ్ళి, నవ్వు ఆపుకుంటూ కొలిచింది. జేబులెన్ని అని అడిగింది.

"నాలుగు. మూతలతో."

"అన్నిట్లో ఏం పెట్టుకుంటావు బహెన్?"

"ముందు కుట్టండి. ఇన్నేళ్ళూ నాకు జేబే లేదు, పెట్టుకోవడానికేదో దొరక్కపోదు."

బయటికి వచ్చాక బావగారి గుడ్డ కథంతా విని నఫీసా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "మా స్వాహిలీలో సఫారీ అంటే వట్టి ప్రయాణం సిస్టర్. కూరగాయల బజారుకి వెళ్ళినా సఫారీయే," అంది. ఆ తరవాత నవ్వు తగ్గించి, "నువ్వు రాకపోతే నా పడవలో రెండో మనిషి లేదు," అంది. కృపావతి ఆమె చెయ్యి నొక్కింది.

వారమంతా ఇల్లు అంగడిలా తయారైంది. దోమతెర, మలేరియా మాత్రలు, నూనెగుడ్డలో చుట్టిన మందుల పెట్టె, ఆవకాయ. కూటానికి వచ్చే ఇద్దరు ఆడవాళ్ళు దారిలో ఎదురైనా వందనాలు చెప్పకుండా మొహం తిప్పుకున్నారు. మనోహరం మందుల పెట్టెకి తాడు కడుతూ, "అన్నయ్యకి ఏం చెప్పమంటావు కృపా?" అన్నాడు దీనంగా.

"సగం చెప్పకండి. అంతే చాలు."

శుక్రవారం వచ్చింది. జాలర్ల దగ్గర అడిగి తెచ్చిన సన్నటి చెక్క పడవ అజైబా కెరటాల మీద ఊగుతోంది. కృపావతి బూడిదరంగు సఫారీలో, జడ ముడి వేసుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడింది. అప్పుడే కంపెనీ పికప్పు ఒకటి ఇసుకలోకి వచ్చి ఆగింది. అందులోంచి సత్యరాజు దిగాడు, వెనకాలే మనోహరం. అన్న నిలదీసి అడిగితే ఈసారి మొత్తం చెప్పేశాడు. ఎక్కడ, ఎప్పుడు, ఏ గుడ్డతో అన్నదాకా చెప్పేశాడు.

ఒడ్డు మీద నిలబడి సత్యరాజు ఆ బట్టల్ని గుర్తుపట్టాడు.

మార్గరెట్ చెయ్యి ఊపింది. కృపావతీ నఫీసా ఎక్కి, ఒక పక్కకి ఒరిగారు. పడవ బోల్తాపడింది. ఈసారి కాళ్ళకు ఏదీ అడ్డం పడలేదు. కృపావతి తేలింది, ఇద్దరూ కలిసి పడవను తిప్పారు, ఊపి ఊపి నీళ్ళు ఒంపారు. నఫీసా అవతలి అంచు పట్టుకుంది. కృపావతి ఎక్కబోయింది. పడవ మళ్ళీ ఆవిడ నెత్తిన బోర్లాపడింది.

"చాల్లే అమ్మాయ్, వచ్చెయ్యి! నవ్వులపాలు కాకు!" సత్యరాజు ఒడ్డు నుంచి అరిచాడు.

కృపావతికి భయం వేసింది. మార్గరెట్ మొహంలో ఇంక చాలన్నట్టు ఏదో కనబడుతోంది. ఇప్పుడు ఒడ్డుకు నడిస్తే నర్సాపురమే. ఈ ఏడూ, వచ్చే ఏడూ, ఆ పై ఏడూ.

"పోలే పోలే," అంది నఫీసా అవతలి నుంచి. మెల్లగా, మెల్లగా అని.

ఇద్దరూ పడవను మళ్ళీ తిప్పి నిలబెట్టారు. ఈసారి కృపావతి తొందరపడలేదు. ఒళ్ళంతా నీటి మీద పరిచి, చిన్నప్పటి కాలవలోలాగా కాళ్ళు టపటపా కొట్టింది. పొట్ట అంచు మీదికి జారింది. పిండి బస్తా పడ్డట్టు పడవలోకి దబ్బున పడింది. కాళ్ళు కాసేపు ఆకాశం వంక చూశాయి. చూడ్డానికి ఏం బాగాలేదు. అయితేనేం, లేచి కూర్చుంది.

మార్గరెట్ బొటనవేలు ఎత్తింది. ఒడ్డు మీద ఎవరో చప్పట్లు కొట్టారు. మనోహరం. అన్న తల తిప్పి గుడ్లురిమినా ఆపలేదు.

కృపావతి నీళ్ళు ఓడుతూ నడిచి వచ్చింది. నాలుగు జేబుల్లోంచీ సముద్రం కారుతోంది.

"అది నా గుడ్డ," అన్నాడు సత్యరాజు.

"ఆయ్, మీదేనండి. మీరే కుట్టించుకోమన్నారు. కొలత నాది." కృపావతి మొహం మీద నీళ్ళు తుడుచుకుంది. "ఈ ఏడు లీవు కూడా నా కొలతకే కుట్టించుకున్నాను బావగారూ. విప్పి ఇంకొకళ్ళకి సరిచెయ్యడం కుదరదు."

సత్యరాజు తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు ఈసారి చూపు తిప్పుకోలేదు.

"సాయంత్రం కూటానికి వస్తావా అసలు?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"రానాండి మరి? ఇలాగే రమ్మన్నారు గదా. ఆరితే ఆరిన బట్టల్తో, లేదంటే తడి బట్టల్తో."

అని వెనక్కి తిరిగి నీళ్ళలోకి నడిచింది. నఫీసా పడవ పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది. కృపావతి పరీక్ష అయిపోయింది, ఇంక మునగాల్సిన పని లేదు. అయినా పడవ ఎక్కి, ఒడ్డు మీదున్నవాళ్ళందరూ చూస్తుండగా, తనంతట తానే ఒక పక్కకి ఒరిగి బోల్తా కొట్టించింది.