ఉత్తరపు గోడలో తలుపు

హెడ్విగ్ ట్రౌట్మన్ ప్రతి ఉదయమూ ఎనిమిది గంటలకు జిగురు మరగబెట్టి, రంగులు కలిపి, క్రితం రోజు తాను అట్టపై చిత్రించిన పొయ్యిమీద కాఫీ కాచుకొనేది. ఈరీ సరస్సు ఒడ్డునున్న టొలీడో నగరపు నాటక బృందానికి ముప్ఫై ఏళ్లుగా రంగాలంకరణ చేస్తున్నది ఆమెయే. ఆమె గీసిన తలుపులు తెరుచుకొనేవి. గీసిన కిటికీలలోనుండి గాలి వచ్చేది. "కాస్త ఆ కిటికీ ముయ్యండమ్మా, గొంతు పట్టేస్తోంది" అని నటులు విసుక్కొనేవారు.

పందొమ్మిదివందల యాభైలో కొరిన్ అనే దర్శకురాలు వచ్చింది. మంచి నాటకం చూడడానికి న్యూయార్కు రైలెక్కవలసిన ఖర్మ ఈ ఊరికేమిటని ఆమె పట్టుదల. మూతపడిన మంచుగడ్డల గిడ్డంగిని సంపాదించి, నడుమ వేదిక వేయించి, నాలుగు వైపులా కుర్చీలు అమర్చింది. తెర లేదు, అట్టగోడలు లేవు.

"మరి నా తలుపులు ఎక్కడ నిలబెడతావే అమ్మాయ్?" అని హెడ్విగ్ అడిగింది.

కొరిన్ తల దించుకొన్నది. "నిలబెట్టం హెడ్విగ్ గారూ. అడ్డంగా గోడ పెడితే అటువైపు వాళ్లకి గోడే కనిపిస్తుంది. మీకిక్కడ పనేం మిగల్లేదు."

"సూటిగా చెప్పావు. సంతోషం."

ఇక మిగిలినది ఆక్రన్‌లో అక్కగారి ఇల్లు. అక్కడ బఠానీలు ఒలవడమూ రేడియో వినడమూ తప్ప కుంచెతో పని ఉండదు. శనివారం బస్సుకు ఆమె టిక్కెట్టు కొనుక్కొన్నది.

ప్రారంభ ప్రదర్శన గురువారం. మంగళవారంనాడు అగ్నిమాపక శాఖ తనిఖీదారు మ్రోజ్ వచ్చి, శాలంతా ఒకసారి చుట్టి చూశాడు.

"ఇదేంటండీ, మొత్తానికి ఒక్కటే తలుపా?"

"ఐసు గిడ్డంగి కదండీ, చల్లదనం పోకుండా అలా కట్టారు" అన్నది కొరిన్.

"నిప్పంటుకుంటే రెండొందలమందీ ఆ ఒక్క సందులోంచే దూరాలా? రెండో దారి ఉంటేనే ఆట. గురువారం మధ్యాహ్నం మళ్లీ వస్తా."

నాయక పాత్రధారి ఆర్విల్ వృత్తిచేత దంతవైద్యుడు. అతడు నెత్తి తడుముకొన్నాడు. "నాలుగు పక్కలా జనం కూర్చుంటే నా బట్టతల ఎలా దాచాలా అని నెల్లాళ్లు చర్చించాం. వాళ్లు బయటికెలా పోతారో ఒక్కరమూ అనుకోలేదు!"

రెండడుగుల మందపు ఇటుకగోడను తొలచడానికి పక్షం రోజులు పడుతుందని మేస్త్రీ తేల్చాడు. కొరిన్ ఆ సాయంత్రమే హెడ్విగ్ ఇంటికి వెళ్లింది. హెడ్విగ్ కుంచెలను వార్తాపత్రికలలో చుడుతున్నది.

"ఒక తలుపు కావాలండీ."

"అక్కర్లేదన్నావుగా?"

"అన్నాను. తప్పయింది."

"ఇంకోసారి అను."

"తప్పయిందండీ, మహాతల్లీ!"

"సరే, ఆ కోటు అందుకో."

బుధవారమంతా ఆమె ఉత్తరపు గోడమీద పనిచేసింది. గురువారం మ్రోజ్ వచ్చి ఆ తలుపును భుజంతో నెట్టాడు. ఈరీ సరస్సుమీది చలిగాలి లోపలికి కొట్టింది. బయట మూడు మెట్లు, ఆపైన వీధి.

"బానే ఉంది. మెట్లకి పట్టుకునే కమ్మి ఏదీ?"

హెడ్విగ్ కమ్మిని గీసి, "ఆరేదాకా ముట్టుకోకండి" అన్నది.

అతడు అనుమతి కాగితం తీశాడు. "మీరు దగ్గర లేకపోయినా ఇది తెరుచుకుంటుందా?"

"ఏమో మరి. నేను లేకుండా ఒక్క ఆటా జరగలేదు."

మ్రోజ్ పైకి చదువుతూ వ్రాశాడు: "ఈ ద్వారమును చిత్రించినవారు ప్రతి ప్రదర్శనమునందును ఆద్యంతము శాలలో నుండవలెను." తరువాత కొరిన్ వైపు తిరిగాడు. "ఆవిడ లేకపోతే ఆట లేదు. అర్థమైందా?"

"ఎన్నాళ్లండీ?"

"తలుపు ఉన్నన్నాళ్లూ."

హెడ్విగ్ కుంచె తుడుచుకొంటూ, "అయితే అక్కకి ఉత్తరం రాసిపడెయ్యాలి" అన్నది.

ఆ సాయంత్రం ఆమెకు మొదటి వరుసలో కుర్చీ వేశారు. ముప్ఫై ఏళ్లుగా నాటకాలన్నిటిలోనూ ఆమె అట్టల వెనుక నిలబడి, నటుల వీపులనే చూసింది. ఆర్విల్ ఆనాడు కూడ ఆమెకు వీపు చూపుతూనే సంభాషణ మొదలుపెట్టాడు. సగంలో మెల్లగా ఇటు తిరిగాడు. ఆ మాటలు పలికే వేళ అతని ముఖం ఎట్లుంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

హెడ్విగ్ ఎవరికీ కనబడకుండ కళ్లు తుడుచుకోబోయింది. కాని ఆ శాలలో చాటనేది లేదు; ఎదుటి వరుసలవారందరూ ఆమెను చూస్తూనే ఉన్నారు.