బంతిలో మొదటి విస్తరి

సకల జనుల సమ్మె మొదలై రెండో వారం. బొగ్గు బావులు ఆగిపోయాయి. ఆ రోజు గోదావరిఖని చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మధ్యన రాళ్ల పొయ్యిలు పెట్టి వండి, సమ్మెలో ఉన్నవాళ్లంతా అక్కడే కూర్చుని తినాలి.

వంట పని సదానందం అడిగి మరీ తీసుకున్నాడు. చౌరస్తా దగ్గరే అతని మెస్సు. సమ్మెకు ముందు ఫుడ్ ఇన్‌స్పెక్టర్ సంధ్యారాణి తనిఖీకి వచ్చి, వంటగదిలో మూత లేని నీళ్ల తొట్టిని, దాని అడుగున పట్టిన నాచును చూసి, మెస్సు మూయించింది. అప్పటినుంచి బజారులో ఎవరు ఎదురైనా తొట్టి సంగతే అడుగుతున్నారు. ఈ ఒక్క పూట ఇంతమందికి సరిగ్గా పెడితే పోయిన పేరు తిరిగొస్తుందని అతని ఆశ.

అన్నం గంజులు దిగాయి, పప్పుచారు గంజులు దిగాయి. డ్రమ్ముల్లో మజ్జిగ కలిపారు. జనం రోడ్డు పొడుగునా బంతులు కట్టి, విస్తరాకులు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు ఉద్యోగుల టెంటులోంచి సంధ్యారాణి లేచి రావడం సదానందం చూశాడు. ఆమె కూడా సమ్మెలోనే ఉంది.

"ఏంది మేడం, ఈడ గూడ తాళమేస్తరా? ఏద్దామంటే తలుపే లేదాయె!"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"డ్యూటీల లేనన్న. తినెతందుకే వచ్చిన. నీళ్లు యాడియి?"

"ట్యాంకరుయి. బిల్డింగు పనులకు తిప్పేది."

"అన్నం, చారు మరిగినయి. మజ్జిగల పోసిన నీళ్లు కాచిన్రా?"

కాచినమంటే అయిపోయేది. ఆమె చేతిలో కాగితం లేదు, సీలు లేదు. సదానందం రోడ్డు వైపు చూశాడు. బంతి కొస అతనికి కనిపించలేదు. ఈ చివర, అతని వీధిలోనే ఉండే ముసలి సమ్మవ్వ మనవణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కాచలే," అన్నాడు.

వెళ్లి యూనియన్ నాయకుడు భూపాల్ చేతిలోని మైకు తీసుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా! మజ్జిగల కాయని నీళ్లు కలిపిన. తప్పు నాదే. పారబోస్తున్న. జర ఆగుండ్రి, గంజులన్నీ మేడం చూస్తది."

తిట్లకు సిద్ధపడి నిలబడ్డాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. డ్రమ్ములు వంచితే మజ్జిగ రోడ్డు వారన, కూర్చున్నవాళ్ల కాళ్ల పక్కనుంచి పారింది. ఒక్కరూ లేవలేదు. అప్పటిదాకా మోగుతున్న డప్పులు ఆగాయి. పుట్టినప్పటినుంచి ఆ చౌరస్తాలో లారీల మోతే విన్న సదానందానికి, గంజు మీద మూత తీస్తే ఆ చప్పుడు వినిపించింది. ఇంతమంది తన గంజుల కోసం ఆగారు.

సమ్మవ్వే ముందు నోరు విప్పింది.

"మజ్జిగ లేకుంటే ఏమాయె కొడుకా! జల్ది సూడుమను. కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్."

నవ్వు బంతి కొసదాకా పాకింది.

సంధ్యారాణి గంజులు చూసింది, గరిటెలు చూసింది. వడ్డించేవాళ్లలో ఇద్దరిని సబ్బుతో చేతులు కడుక్కోమని పంపింది. తర్వాత వచ్చి సమ్మవ్వ పక్కన కూర్చుని, ఒక విస్తరాకు ముందుకు లాక్కుంది.

"వెయ్యన్న."

సదానందం గరిటె అందుకున్నాడు. అన్నం పెట్టి చారు పోశాడు. ఆమె కలిపి ముద్ద ఎత్తింది. దగ్గరున్నవాళ్లు ఆమెను చూస్తున్నారు, దూరంగా ఉన్నవాళ్లు లేచి నిలబడి చూస్తున్నారు.

ఆమె మింగింది.

రోడ్డు పొడుగునా విస్తరాకులు ముందుకు జరిగాయి.