మడుగులో ఆల్చిప్పలు

మోకాలి లోతు మున్నేరు. కింద ఇసక... చల్లగా, మెత్తగా.

లూర్దమ్మ పాదం మోపితే చాలు, ఆల్చిప్ప తగులుతుంది.

ఆదెమ్మ పాదానికి రాళ్లే తగులుతాయి.

ఇద్దరూ కీసరలో ఒకే ఇంటి కోడళ్లు. ఆదెమ్మ పెద్దది. లూర్దమ్మ వచ్చి రెండేళ్లు. ఆ రెండేళ్లుగా అత్త ఆరోగ్యమ్మ నోట ఒకటే మాట.

"చిన్నదాని చేతి ఆల్చిప్పల కూర తింటే ప్రాణం లేచొస్తదే."

రోజూ ఆ మాటే. రోజూ ఆదెమ్మకు ముద్ద దిగేది కాదు.

లూర్దమ్మ చిన్నవాటిని ఏరి మళ్లీ ఇసకలో పెట్టేది. "పిల్లలక్కా. పెరగనియ్."

దొరికేవాళ్లకే ఈ గొప్పలు... అనుకునేది ఆదెమ్మ.

పందొమ్మిది వందల యాభై ఎనిమిది వేసవి. ఏరు ఎండింది. మడుగులు మిగిలాయి — పచ్చటి నీళ్లు, వెచ్చటి నీళ్లు.

"వాసనేస్తన్నయ్ అక్కా. వానలు పడేదాకా ఇందులోయి తినొద్దు," అంది లూర్దమ్మ.

నాకు దక్కకూడదనే... అనుకుంది ఆదెమ్మ.

తెల్లారగానే ఒక్కతే వెళ్లింది. మడుగంతా ఊడ్చింది. పెద్దవి, పిల్లలు, నోళ్లు తెరుచుకుని పడి ఉన్నవి — అన్నీ.

గంప నిండింది. మొదటిసారి నిండింది.

వండి, ముందు అత్తకే పెట్టింది.

"ఇయ్యాల చిన్నదాన్ని మించావే!"

ఆ మాట కోసం రెండేళ్లు... రెండేళ్లు!

అప్పుడే వచ్చిన లూర్దమ్మ గంపలో మిగిలినవి చూసింది. వేలితో తట్టింది. ఒక్కటీ మూసుకోలేదు.

"చచ్చినయ్యక్కా ఇయ్యి!" కూరకుండ ఎత్తి దిబ్బలో పారబోసింది.

పొద్దు వాలకముందే ఆరోగ్యమ్మకు వాంతులు. కళ్లు గుంటలు పడ్డాయి. ఆదెమ్మ మొగుడు శాంతయ్య బండి కట్టి, కోడళ్లిద్దర్నీ ఎక్కించుకుని నందిగామ ఆసుపత్రికి తోలాడు.

"ఏం పెట్టారమ్మా ఈమెకు?" డాక్టరు అడిగాడు.

ఆదెమ్మ లూర్దమ్మ వెనక్కి జరిగింది.

"మడుగులో ఆల్చిప్పలండి. నేనే వండా," అంది లూర్దమ్మ.

మూడు రోజులు శాంతయ్య తిట్టాడు. లూర్దమ్మ తలొంచుకుని అత్తకు గంజి పట్టింది. ఆదెమ్మ చూస్తూ కూర్చుంది.

నాలుగో రోజు ఆరోగ్యమ్మ లేచి కూర్చుంది. వండిందెవరో ఆమెకు తెలుసు. లూర్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"దాని తప్పు నీ నెత్తినేసుకున్నావటే... ఎంత మనసే నీది!"

మళ్లీ చిన్నదే.

తప్పు చేసింది తను... మెప్పు దానికి.

ఆదెమ్మ దిగ్గున లేచింది. ఆసుపత్రి మెట్లు దిగింది. బండి దగ్గర శాంతయ్య.

"కూర వండింది నేను. ఆ తిట్లు నాయి," అంది. "అయ్యి కూడా దానికేనా?"

శాంతయ్య చేతిలోని గడ్డి అలాగే ఉండిపోయింది.

ఎద్దు మెడ చాపి అందుకోబోయింది...