అభ్యంతరంతో

స్టాంపు ప్యాడు మీద రెండు చుక్కలు సిరా వేసి, వేలితో మూలమూలకీ రుద్దాడు స్టూలాయన. కూజా నింపాడు, బల్లలు తుడిచాడు, బెంచీని వరండాలోకి లాగాడు. భూసేకరణ ఆఫీసులో ముప్పయ్యొక్క ఏళ్లుగా అదే వరస. గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుంటాడు కాబట్టి స్టూలాయన. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. బక్కపలచటి మనిషి. మెడ ముందుకు వంగి, ఎప్పుడూ ఎవరి మాటో వింటున్నట్టుంటాడు.

ఆ రోజు కొత్త రోడ్డు కింద పోతున్న పొలాలకి పరిహారం చెక్కులిస్తున్నారు. పదింటికే బెంచీ నిండింది. స్టూలాయన నీళ్లందిస్తూ, ఒక్కొక్కరి దగ్గరా వంగి, పెదవులు కదిలీ కదలకుండా చెబుతున్నాడు.

"సంతకం పైన 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాయండి. రాస్తే ఎక్కువ కోసం కోర్టుకి వెళ్లొచ్చు. రాయకపోతే ఇచ్చిందానికి ఒప్పుకున్నట్టే."

ఇన్నేళ్లలో ఈ మాట ఎంతమంది చెవిన వేశాడో అతనికే తెలీదు. ఈ సంగతి భార్యకి మాత్రమే తెలుసు. "పెన్షనుకి నాలుగు నెలలే ఉంది. నోరు కట్టేసుకో," అని పొద్దున కూడా పోరింది.

కూరగాయల తోటామె ఆలస్యంగా వచ్చింది. ఇంకా కూర్చోకముందే, జాబితాలో ఆమె పేరు వచ్చిందని గుమాస్తా పిలిచేశాడు. నీళ్లివ్వడానికి వ్యవధి లేకపోయింది.

"బావి రాయలేదేంటి బాబూ? రాయి పగలగొట్టి తవ్వించాం," అంది ఆమె, కాగితం అటూ ఇటూ తిప్పి.

"అవన్నీ అయిపోయాయమ్మా. ఇక్కడ సంతకం. వెనక జనం ఉన్నారు."

ఆమె మట్టి ఇంకిన వేళ్లతో పెన్ను అందుకుంది. స్టూలాయన గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అమ్మా, ఆగండి," అన్నాడు. ఆ గదిలో అతని గొంతు అంత గట్టిగా అంతకుముందెవరూ వినలేదు. "పైన 'అభ్యంతరంతో' అని రాయండి. తొందరేం లేదు. ముందు అ... తర్వాత భ, దానికి యవత్తు, పక్కన సున్నా..."

గుమాస్తా మొహం ఎర్రబడింది. "నీకెందుకయ్యా ఇదంతా?" ఆ కేకకి ఆఫీసరు కూడా లోపలి గదిలోంచి గుమ్మంలోకి వచ్చాడు.

"మా నాన్న రాయలేదండీ," అన్నాడు స్టూలాయన. "ఎవరూ చెప్పలేదు. రిజర్వాయరు కింద మూడెకరాలు పోయాయి. పదేళ్లు ఈ మెట్లెక్కి దిగాడు. సంతకం పెట్టేశావుగా అనేవాళ్లు. ఆఖరికి జాలిపడి నాకీ స్టూలిచ్చారు."

ఆఫీసరు ఆమె చేతిలో కాగితం కేసి కాసేపు చూశాడు. "రాసుకోనివ్వు," అని గుమాస్తాతో అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె రాయడానికి చాలాసేపు పట్టింది. వెనకున్న పదమూడు మందీ రాశారు.

భోజనం కానిచ్చి, స్టూలాయన ఎప్పట్లాగే గోడకి తల ఆనించి కూర్చున్నాడు. మూడింటికి గుమాస్తా బెల్లు కొట్టాడు. రెండోసారీ కొట్టాడు. విసుక్కుంటూ లేచి వచ్చి, భుజం మీద చెయ్యేసి, ఆ చెయ్యి తియ్యలేక అలాగే నిలబడ్డాడు.

సాయంత్రం భార్యా అల్లుడూ వచ్చి శవాన్ని తీసుకెళ్లారు. వెనక కిటికీ గట్టు మీద, కడిగి బోర్లించిన అతని టిఫిన్ గిన్నె ఉండిపోయింది. దాని కింద తడి ఇంకా ఆరలేదు.