సీతారామయ్య పేరు మీద వెళ్ళిన డబ్బా

ఢిల్లీ చుట్టుపక్కల ఎంత వెతికినా, పేగు కాన్సర్‌ను పదకొండు రోజుల్లో మట్టి కరిపించిన మొనగాడు ఒక్కడే దొరుకుతాడు. పేరు సీతారామయ్య, మకాం ఘాజియాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు ఏడో అంతస్తు. నవంబరు మూడున ఆయనకు అనుమానంగా ఉందని కాయితం వచ్చింది. పద్నాలుగున పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో కెమెరా గొట్టం వేసి చూస్తే జబ్బు ఆనవాలు కూడా లేదు. మందు లేదు, కత్తి లేదు. రోజూ గోంగూర తిన్నానని ఆయన చెప్పుకుంటే, మూడో అంతస్తు పంజాబీలు కుండీల్లో గోంగూర వేశారు.

ఎక్కించిన గొప్పను ఇక్కడే దించేస్తాను. ఆయనకు అసలు జబ్బే లేదు. పరీక్షకు వెళ్ళిన డబ్బా మీద పేరు ఆయనది, లోపలి సరుకు ఇంకొకరిది.

అక్టోబరు చివర్లో సొసైటీ వాళ్ళు యాభై దాటినవాళ్ళకు ఉచిత పరీక్ష పెట్టారు. వేలెడంత ప్లాస్టిక్ డబ్బా, మూతకో పుల్ల. పొద్దున దొడ్డికి వెళ్ళినప్పుడు ఆ పుల్లతో కాస్త తీసి డబ్బాలో పెట్టి ఇస్తే, కంటికి కనబడని రక్తం ఉందేమో చూస్తారు. ఫ్లాటు నంబరు ఉన్నవాళ్ళకే డబ్బా. వాచ్‌మన్లు, పనిమనుషులు, గేటు దగ్గర ఇస్త్రీ చేసే వీరరాఘవులు టెంటు కట్టడానికి పనికొచ్చారు గానీ డబ్బాకు పనికిరాలేదు.

సీతారామయ్య కేంద్ర ప్రభుత్వంలో ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు తిప్పి రిటైరైనవాడు. ఎంతటి ఫైలునైనా పట్టుకున్నాడు గానీ ఆ పుల్ల పట్టుకోవాలంటే ఆయనకు ఒళ్ళు జలదరించింది.

"ఏవండీ, డబ్బా ఖాళీగా వస్తే ఇవాళ కాఫీ లేదు," అంది అనసూయ బాత్రూం తలుపు అవతలినుంచి.

ఆయన డబ్బాను లుంగీ మడతలో దాచుకుని లిఫ్టు దిగాడు. రాఘవులు బొబ్బిలి వైపునుంచి ఇదే అపార్ట్‌మెంటు కట్టడానికి కూలికి వచ్చి, నడుం పట్టేశాక దీని గేటు దగ్గరే ఇస్త్రీ బల్ల వేసుకున్నవాడు. వయసు యాభై ఆరు.

"ఓ సాయం చెయ్యాలి రాఘవులూ. ఎవరితోనూ అనకు."

సంగతి విని రాఘవులు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. "సదువుకున్న బాబులు కూడా కాపీ కొడతారేటి?"

"కొడతారు. నువ్వు కాస్త శ్రద్ధగా రాయి."

కాయితం వచ్చిన సాయంత్రం పరీక్షల వాళ్ళు ఫోన్ కూడా చేశారు. "కంగారు పడకండి అంకుల్. కాన్సర్ కాకపోవచ్చు, అయినా ముందుగా చూస్తే నయమయ్యేదే. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు." అనసూయ ఏడుస్తూనే హెల్త్ కార్డు వెతికి తీసింది. ఆలస్యం చెయ్యకూడనిది ఎవరో సీతారామయ్యకు ఆ క్షణమే తెలుసు.

మర్నాడే ఆయన ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"రాఘవులూ, నీకేమైనా రక్తం పడుతోందా?"

రాఘవులు తల ఎత్తకుండా కాలరు మీద పెట్టె నడిపాడు. "ఏడాదై పడతంది బాబూ. మొలలని రైలు ఫాటక్ కాడ వైద్యుడు పొడుం ఇచ్చినాడు. కారం మానీమన్నాడు, మానీసినాను."

"ఆ డబ్బాలో రక్తం తేలిందయ్యా. పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి."

"అయితే మీ పరీచ్చలో ఫెయిలయింది నానా?" అని రాఘవులు మళ్ళీ నవ్వాడు, ఈసారి కాస్త తక్కువగా.

తన పేరు మీద డబ్బా పంపించినంత తేలిక కాదు తన కార్డు మీద మనిషిని పంపించడం. కార్డు మీద రెండే పేర్లు, మొగుడిదీ పెళ్ళాందీ. అందుకని ఇద్దరూ ఢిల్లీలో ఒక సర్కారు ఆసుపత్రికి వెళ్ళి వరసలో నిలబడ్డారు. కిటికీలో గుమస్తా, గొట్టం పరీక్షకు మే నెలలో తేదీ వేశాడు.

"భయ్యా, ఇది ఆరు నెలల తర్వాత కదా?"

"అందరికీ ఇదే, అంకుల్. జరగండి."

ఇటు సీతారామయ్య పరీక్ష పదకొండో రోజునే అయిపోయింది. "అంకుల్, మెట్రో సొరంగం కూడా ఇంత శుభ్రంగా ఉండదు," అన్నాడు డాక్టరు. అనసూయ మొక్కు ప్రకారం అపార్ట్‌మెంటంతా లడ్లు పంచింది. గేటు దగ్గర రాఘవులుకు సీతారామయ్యే స్వయంగా ఒకటి ఇచ్చాడు.

మే నెలలో గొట్టం వేస్తే పేగులో గడ్డ కనిపించింది. స్కానుకు మరో మూడు వారాలు. అప్పటికి అది కాలేయంలోకి పాకింది. డాక్టరమ్మ కాయితం తిరగేసి, నాలుగైదు నెలల ముందు వచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్ళం అంది. రాఘవులు సీతారామయ్య వైపు చూడలేదు. ఆగస్టు వానల్లో పోయాడు.

పదమూడో రోజు దాటాక అతని భార్య లీలావతి ఏడో అంతస్తుకు వచ్చి ఒక మూట ఇచ్చింది. లోపల సీతారామయ్య చొక్కాలు నాలుగు, మడత నలగకుండా.

"మంచాన పడ్డాక కూడా, బాబుగోరి బట్టలు ముందు సేసీమన్నాడు," అంది.

ఆ చొక్కాలు బీరువాలో అలాగే ఉన్నాయి. ఎవరైనా గోంగూర సంగతి అడిగితే సీతారామయ్య ఇప్పుడు వినబడనట్టు లిఫ్టు మీట నొక్కుతాడు.

కథలో నేను కల్పించింది ఒకటుంది. మెట్రో సొరంగం మాట డాక్టరు నిజంగానే అన్నాడు. పంజాబీల గోంగూర కుండీలు ఇప్పటికీ బాల్కనీలో ఉన్నాయి, కావాలంటే వెళ్ళి చూసుకోండి. కల్పించింది ఆ "మర్నాడే" అన్న మాట. సీతారామయ్య ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళింది మార్చిలో, హోలీ అయ్యాక, రాఘవులు చిక్కిపోయి నడుముకు చీరపేలిక బిగించి ప్యాంటు నిలుపుకోవడం చూశాక. దాని వెంబడి కిటికీ దగ్గరి ఆరు నెలల మాటా కల్పించిందే, ఆసుపత్రి వాళ్ళు తేదీ వేసింది రెండు నెలలకే. రెండు నెలలూ ఎక్కువే. మిగతా నాలుగు నెలలు మాత్రం ఏ కిటికీలో గుమస్తావీ కావు. అనసూయకు ఏమని చెప్పాలి, లడ్లు తిన్న సొసైటీకి ఏమని చెప్పాలి, రేపు చూద్దాం అనుకుంటూ సీతారామయ్య గడిపినవి.

ఇంకా ఆ లడ్డు సంగతి పూర్తిగా రాయలేదు. నవంబరులో రాఘవులు దాన్ని రెండు చేతులా అందుకుని, "అయితే మనం పాసయినట్టేనా బాబూ?" అని అడిగాడు.

సీతారామయ్య తల ఊపాడు.