గోవిందు పేరుకు ఆగిన లారీలు

రేణిగుంట రోడ్డు దాటడానికి మనుషులకు ఒక సిగ్నల్ పెట్టండయ్యా అని ఏళ్ల తరబడి మొత్తుకున్నా పెట్టలేదు. పరిశోధనకు కావాలనగానే మాత్రం వారం తిరక్కుండా స్తంభం నాటేశారు.

దాని పేరు స్మార్ట్ సిగ్నల్. దానికి చెవి ఉంది. పుత్తూరు వైపు నుంచి వడమాలపేట మీదుగా పసుపు బట్టలు కట్టుకుని తిరుమలకు నడిచి వచ్చే భక్తులు "గోవిందా, గోవిందా" అంటారు కదా, ఆ మాట చెవిన పడగానే అది ఎర్రదీపం వేసి బండ్లను ఆపుతుంది. గుంపు దాటుతుంది. పోలీసు అక్కర్లేదు, ఈల అక్కర్లేదు. రేపటి నగరాలన్నీ ఇలాగే ఉంటాయని పరిశోధకుడు రూపేష్ చెప్పాడు. రూపేష్‌ది చిత్తూరే. చదువు ముదిరాక "ఉండాది" అనడం మానేసి "ఉన్నది" అనడం మొదలుపెట్టాడు.

ఇంత చదివినవాడికి ఒక్క సంగతి తట్టలేదు. తిరుపతి చుట్టుపక్కల రాయి విసిరితే ఎవడో ఒక గోవిందుకు తగులుతుంది.

స్తంభం కిందే నాగులమ్మ దోసెల బండి. ఇల్లు రోడ్డుకు అవతల. అక్కడ రుబ్బేది, ఇక్కడికి మోసుకొచ్చేది ఆమె కొడుకు గోవిందు. ఇంత లావు మీసాలున్న మనిషి. సిగ్నల్ పెట్టిన రోజే నాగులమ్మ గొంతెత్తింది.

"ఒరే గోవిందా! సట్నీ అయిపాయరా!"

టక్కున ఎర్రదీపం. లారీలు, బస్సులు, విమానాశ్రయానికి పోయే కార్లు, అన్నీ నిలిచిపోయాయి. వాటి ముందు నుంచి గోవిందు గిన్నె పట్టుకుని దొరలా నడిచొచ్చాడు.

సత్యవేడు నుంచి వచ్చిన లారీ డ్రైవర్ దొరస్వామి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏందప్పా ఇది? ఒక్క బక్తుడన్నా లేడే! ఏందికి ఆపినారు?"

"సట్నీ వస్తా ఉండాదప్పా, కనపళ్లా?" అన్నాడు గోవిందు.

గోడౌన్లలో పనికి పోయే ఆడవాళ్లకు సంగతి అర్థమైపోయింది. "అక్కా, మీవోణ్ని ఒక తూరి పిలువు, దాటుకుంటాం" అంటూ బండి దగ్గర చేరేవాళ్లు. నాగులమ్మ ఉప్పుకు పిలిచేది, పచ్చిమిరపకాయలకు పిలిచేది, వాళ్లకోసం ఊరికే పిలిచేది. స్తంభం మాత్రం ప్రతి పిలుపునూ భక్తుల గుంపు కింద లెక్కేసుకుంది. నెలల తరబడి రూపేష్ ఆ లెక్కను ఏసీ గదిలో చూసుకుని మురిసిపోయాడు, సభల్లో చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు. కుర్చీలోంచి లేచి రోడ్డు మీదికి వస్తే కదా తెలిసేది!

చివరికి ఒకరోజు కారులో పోతూ తానే ఆ ఎర్రదీపం దగ్గర ఇరుక్కున్నాడు. ఎదురుగా భక్తులు లేరు. గోవిందు ఉన్నాడు, చేతిలో కరివేపాకు.

రూపేష్ దిగి తిన్నగా కేక వినిపించిన బండి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, రేపు పైనుంచి తనిఖీకి వస్తున్నారు. మీ కేకకు ఈ సిగ్నల్ ఒక్కసారి పడినా బండిని ఇక్కణ్ణుంచి తీయించేస్తారు. మీ అబ్బాయికి ఫోన్ చేసుకోండి."

"పిండి సేత్తో ఫోనెట్టెత్తేది? వాడు గ్రైండర్ కాడుంటే ఫోను యాడ వినపడతాది? నా గొంతే వినపడతాది."

"అయితే వేరే పేరుతో పిలవండి."

"కొండ మీద గుండు కొట్టించి పెట్టిన పేరబ్బయా అది! నీ కమ్మీ స్తంబానికే సెవుడు తెప్పించుకో."

అన్నది గానీ నాగులమ్మకు గుండె జారింది. ఆ బండే ఆమె కూడు. రోడ్డు మీద నుంచి సందులోకి తోసేస్తే దోసె తినడానికి ఎవడొస్తాడు?

"సరే, యేమని పిలిసేది?"

"బుజ్జీ అనండి."

"ఒరే బుజ్జీ! సాంబారు!"

గోవిందు రాలేదు. బండి కింద పడుకున్న కుక్క లేచి తోక ఆడించింది.

మర్నాడు పెద్ద అధికారి మునిచంద్ర మందీమార్బలంతో దిగాడు. నాగులమ్మ నోట్లో చీరకొంగు కుక్కుకుని దోసెలు పోస్తోంది. ఖర్మకాలి ఆ పూట ఒక్క భక్తుడూ రాలేదు.

"భక్తులు లేకపోతే నువ్వే అను," అన్నాడు మునిచంద్ర.

రూపేష్ చేతులు జోడించి "గోవిందా" అన్నాడు. పచ్చదీపం కదల్లేదు. గట్టిగా అన్నాడు. కదల్లేదు. అధికారులంతా వరసగా నిలబడి "గోవిందా! గోవిందా!" అని గొంతులు చించుకున్నారు. దారినపోయే బస్సులోని జనం కూడా దండాలు పెట్టి "గోవిందా" అన్నారు. బస్సు ఆగకుండా పోయింది.

"ఇంతేనా? ఇక నీ ప్రాజెక్టు గోవిందా!" అని మునిచంద్ర ఆశగా పైకి చూశాడు. ఆ గోవిందాకూ ఎర్రదీపం పడలేదు.

రూపేష్ ల్యాప్‌టాప్ తెరిచి చూసి నెత్తి కొట్టుకున్నాడు. అది వినీ వినీ నేర్చుకునే యంత్రం. ఇన్నాళ్లూ పొద్దస్తమానం విన్నది ఒక్క గొంతునే. దాని లెక్కలో గోవింద అంటే నాగులమ్మ కేకే, మిగతా లోకమంతా రోడ్డు మీద రొద.

చెమటతోపాటు చిత్తూరు కూడా బయటికొచ్చింది. "అమ్మా, ఆ కొంగు తియ్యమ్మా! ఒక్క తూరి పిలువు. లేకుంటే నా బతుకు బస్టాండయిపోతాది!"

నాగులమ్మ కొంగు తీసింది. "నిన్న పిలిస్తే బండి తీస్తామంటివి, ఈ పొద్దు పిలవమంటావు. ఇదేం పరిశోదనరా నాయనా?"

"తప్పయిపోయింది."

"బండి ఈడనే ఉండాల. ఆయప్పను నోటితో సెప్పమను."

"ఉంటుంది లేమ్మా, ముందు పిలువు," అన్నాడు మునిచంద్ర.

ఆమె గొంతు సవరించుకుంది. "ఒరే గోవిందా! సట్నీ తేరా!"

రోడ్డు రోడ్డంతా నిలిచిపోయింది. అధికారులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు గోవిందు సిగ్గుపడి గిన్నెను వీపు వెనక్కి దాచుకున్నాడు. ఇదే సందని పనికి పోయే ఆడవాళ్లు బిలబిలా దాటేశారు.

అధికారులు చట్నీతో దోసెలు తిని పోతూ పోతూ బండికి ఒక రేకు బిగించిపోయారు.

"యేమని రాసుండారురా?" అడిగింది నాగులమ్మ.

గోవిందు కూడబలుక్కుని చదివాడు. "పరిశోధన పరికరం. కదిలించరాదు."

"బండినా, నన్నా?"

"గొంతు నీది గదమ్మా. ఇద్దర్నీ."

నాగులమ్మ అట్లకాడ కొడుకు చేతిలో పెట్టి, బండి పక్కన రాయి మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"మంచిది. పెద్దోళ్లు కదలొద్దన్నాక కదలగూడదు. ఇంగ దోసెలు నువ్వు పొయ్యరా."