కుడి చెవి వాటా

దుప్పటి అంచులు సరిచేసి ఇస్త్రీ ప్రెస్ మూత కిందికి లాగాడతను. ఆవిరి బుస్సుమని పైకి లేచింది. ఆ ఆవిరి కళ్ళముందు నుంచి తొలగేలోపే బొటనవేలు చొక్కా జేబులోకి దూరి, మీట తడిమి, పాట మార్చి బయటికి వచ్చేసింది. జేబులో ఉన్న పాటల పెట్టెను చూడకుండా నడపగలగాలి. నడపలేకపోతే అది ఎంత గొప్పదైనా దండగ. పాటల పెట్టెల విషయంలో అతని మొదటి సూత్రం ఇదే.

ఆసుపత్రి లాండ్రీలో అతన్ని అందరూ జేబు అంటారు. పొట్టి మనిషి. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు, బరువుకి ఎప్పుడూ ఓ పక్కకి జారిపోయి ఉండే చొక్కా జేబు. మొదట్లో క్యాసెట్ ప్లేయర్ ఉండేది. అది జేబులో పట్టక నడుముకి తగిలిస్తే ప్యాంటు జారేది. ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో బస్సు కమ్మీ పట్టుకుని పాటలు వినేవాడు. తర్వాత డిస్కు ప్లేయర్ వచ్చింది. బస్సు గతుకులో పడినప్పుడల్లా దానికి ఎక్కిళ్ళు. అందుకని నిండు టీ కప్పు మోసినట్టు అరచేతిలో మోసేవాడు. ఆ తర్వాత అగ్గిపెట్టెంత ప్లేయర్లు వచ్చాయి, మనవాడి జేబుకి మంచి రోజులు వచ్చాయి.

ఫోన్‌లో పాటలు వినేవాళ్ళంటే అతనికి జాలి. అది రైల్వే ప్లాట్‌ఫారం మీద కునుకు తీయడం లాంటిది, ఎవడో ఒకడు వచ్చి లేపేస్తాడు అంటాడు. పాటల పెట్టెకి పాటలు తప్ప ఇంకో పని రాకూడదట. దానికి నొక్కితే వేలికి తెలిసే మీటలుండాలట. అద్దం మీద వేలు రాయడం కిటికీ తుడిచే పనేగానీ పాట మార్చే పని కాదట. ఇవన్నీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఓపిగ్గా చెబుతాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను గొంతు సవరించుకుంటే చాలు, జనం డబ్బాలు పట్టుకుని పక్క బల్లకి జరుగుతారు.

జరగని మనిషి ఒక్కతే, అతని భార్య. అదే హాల్లో అవతలి కొసన, బట్టలు ఆరబెట్టే పెద్ద పెద్ద డ్రమ్ముల పక్కన మడతల బల్ల ఆవిడది. పొడుగు మనిషి. దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఒక్క విదుపు విదిపిందంటే అది గాల్లోనే సగం మడత పడిపోతుంది. కాపురం పెట్టిన కొత్తలో ఇద్దరికీ కలిపి ఒకటే జత ఇయర్‌ఫోన్లు ఉండేవి. ఆ అలవాటే ఉండిపోయింది. బస్సులో కిటికీ పక్కన ఆవిడ, ఆవిడకి కుడివైపు అతను. ఎడమ ముక్క అతని ఎడమ చెవికి, కుడి ముక్క ఆవిడ కుడి చెవికి, మధ్యలో ఊయలలా వైరు. అతను వేలితో ఆవిడ మోకాలి మీద తాళం వేస్తుంటే ఆవిడ బయటికి చూస్తూ తల ఊపేది. ఒక్కనాడూ తాళం తప్పేది కాదు.

కొత్త పెట్టె ఏది కొన్నా ముందు ఆవిడకే వినిపించేవాడు. ఆవిడ కాసేపు విని, ఇదే నయం అనేది, లేకపోతే పాతదే బాగుందనేది. అంతే, అది తీర్పు. దుకాణదారు ఎన్ని గొప్పలు చెప్పినా, మా ఆవిడ చెవి సంగతి మీకు తెలీదని చెప్పి తెచ్చిన పెట్టెలు తిరిగి ఇచ్చేసిన రోజులున్నాయి.

ఇవాళ ఆవిడకి లాండ్రీలో ఆఖరి రోజు. మోకాళ్ళు ఇక నిలబడనివ్వడం లేదు. రేపటి నుంచి ఆవిడ ఇంట్లో, అతను ఇక్కడ. ఈ మాట ఖాయమైన దగ్గర్నుంచి అతనికి ఒకటే దిగులు పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద పనిచేశారు గానీ పని చేస్తూ ఇద్దరూ కలిసి ఒక్క పాట విన్నది లేదు. వైరు అంత దూరం రాదు మరి. వైరు లేని ఇయర్‌ఫోన్లు పోగొట్టుకోవడానికే పుట్టాయని ఊరంతా చాటిన మనిషి, ఆ మాట తనది కానట్టే మింగేసి, మీటలున్న కొత్త పెట్టె, దానితో పాటు వైరు లేని జత ఒకటి తెచ్చాడు. ఇవాళ కుదరకపోతే ఇక ఎప్పటికీ కుదరదు.

పొద్దున్నే వెళ్ళి మేస్త్రీని బతిమాలాడు. మేస్త్రీ కాసేపు నసిగి, ఒక చెవి పాటకిచ్చినా ఒక చెవి తనకి ఉంచాలని, పిలిస్తే పలకాలని చెప్పి ఒప్పుకున్నాడు. ఎడమ ముక్క తన చెవికి పెట్టుకుని, కుడి ముక్క భార్య అరచేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అలవాటుగా కుడి చెవికి పెట్టుకుని, ఏప్రాన్ సర్దుకుంది. అతను తన ప్రెస్ దగ్గరికి పరిగెత్తినంత పని చేసి మీట నొక్కాడు. హాలు అవతలి కొసన, తెల్లటి దుప్పట్ల గుట్టల మధ్య, ఆవిడ తల ఊపింది. అతనికి కడుపు నిండిపోయింది.

కాసేపటికి అతని మొహంలో చిన్న ముడి పడింది. ఆవిడ తల తాళానికి కలవడం లేదు.

వైరు లేని వాటిలో పాట ఆలస్యంగా చేరుతుందని అతను ముందే విన్నాడు. ఇదే కాబోలు ఆ జబ్బు అనుకున్నాడు. నెమ్మది పాట పెడితే ఆవిడ తల హుషారుగా ఊగుతోంది, హుషారు పాట పెడితే జోలపాటకి ఊగినట్టు ఊగుతోంది. పెట్టెను తయారుచేసినవాణ్ణి మనసులో నాలుగు తిట్టాడు. చివరికి పాట ఆపేసి, అన్నీ మళ్ళీ మొదట్నుంచి కలుపుదామని ఆపే మీట నొక్కి, ఎందుకో తలెత్తి చూశాడు.

పాట ఆగిపోయింది. ఆవిడ తల ఊపుతూనే ఉంది. దిండు గలీబు మడతేస్తూ, అతని వైపు చూసి నవ్వి, ఇంకొంచెం గట్టిగా ఊపింది.

ప్రెస్ మూత కింద దుప్పటి కమురు వాసన కొట్టేదాకా అతనికి ఒంటి మీద స్పృహ లేదు. మూత ఎత్తి, మాడిన గుడ్డను పక్కకి లాగి, అలాగే నిలబడిపోయాడు. డ్రమ్ములు ఆవిడకి కుడివైపునే ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ హోరు ఆ చెవిలోనే పడింది. ఆవిడ ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటుంది. అతను మాట్లాడితే మొహం మొత్తం అతని వైపు తిప్పుతుంది, దాన్ని తన మీద ప్రేమ అనుకుని మురిసిపోయేవాడు. ఎడమవైపుకి తిరిగి పడుకుందంటే అలారం మోగినా లేవదు, మొద్దు నిద్ర అని ఆటపట్టించేవాడు. బస్సులో ఆవిడ విన్నది పాట కాదు. అతని వేలు.

ముందు కోపం వచ్చింది. ఇన్ని పెట్టెలకి తీర్పు చెప్పిన చెవి ఇదా అనిపించింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆవిరి పుణ్యమా అని అది ఎవరికీ తెలియలేదు. మళ్ళీ బొటనవేలు జేబులోకి వెళ్ళి పాట మొదలుపెట్టింది. సాయంత్రం దాకా ఆవిడ ఊపినప్పుడల్లా అతనూ తల ఊపాడు. ఇద్దరి తాళం ఏ పాటకీ కలవలేదు.

పని అయ్యాక అందరూ మడతల బల్ల చుట్టూ చేరి, ఆవిడని కాసేపు నవ్వించి, కాసేపు కళ్ళు తుడుచుకున్నారు. మేస్త్రీ ఆవిడ డబ్బా తనే తెచ్చి చేతికిచ్చాడు. ఆవిడ చెవిలోది తీసి ఏప్రాన్ జేబులో వేసుకుని, ఏప్రాన్ విప్పి, రోజూ తగిలించే మేకుకే తగిలించి, చెయ్యి ఒకసారి బల్ల మీద రాసి బయటికి నడిచింది.

బస్సులో అతను గబగబా వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

“అది నా సీటు కదండీ.”

“ఇవాళ్టికి నాకివ్వు.”

ఆవిడ కూర్చుంది. అతను ప్యాంటు జేబులోంచి వైరున్న పాత జత తీశాడు. చిక్కు విడదీసి, ఎడమ ముక్కను ఆవిడ ఎడమ చెవిలో తనే పెట్టాడు, కుడిది తను పెట్టుకున్నాడు. ఆవిడ ఉలిక్కిపడి అతని వైపు చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ మీట నొక్కాడు. ఈసారి వేలితో తాళం వేయలేదు.

ఆవిడ తల ఊపలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కదిలితే పాట ఒలికిపోతుందన్నట్టు కూర్చుంది. రెండు స్టాపులు దాటాక నెమ్మదిగా అడిగింది.

“ఇది రోజూ పొద్దున పెట్టే పాటేనా?”

“అదే.”

“ఆడగొంతా ఇది? మగగొంతనుకున్నాను ఇన్నాళ్ళూ.”

అతను కిటికీ వైపు నుంచి ఆవిడ వైపు తిరిగాడు. ఎప్పట్నుంచని అడిగాడు. డ్రమ్ములు మార్చి పెద్దవి తెచ్చినప్పట్నుంచి కొంచెం కొంచెంగా పోయిందని చెప్పిందావిడ, ఎవరి చెవి గురించో చెబుతున్నట్టు.

“చెప్పొచ్చుగా నాకు.”

“చెబితే వైరు తీసేద్దురు. పాట లేకపోతే బస్సెక్కగానే గురక పెడతారు మీరు. అప్పుడు నా మోకాలి మీద ఎవరు తాళం వేస్తారు?”

అతనికి ఇంకో సందేహం మిగిలిపోయింది. అది తేలకపోతే నిద్ర పట్టని మనిషి.

“మరి ఆ పెట్టెలు బాలేవన్నావే? తిరిగి ఇచ్చేశాను కూడా.”

“మీ మొహం చూసి చెప్పేదాన్ని. నచ్చని పెట్టెకి మీ ముక్కు ముడుచుకుంటుంది.”

అతను ముక్కు తడుముకున్నాడు. ఆవిడ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఎడమ చెవిని అరచేత్తో మూసుకుని పాట చివరిదాకా వింది. రేపు పొద్దున ఈ బస్సులో అతను ఒక్కడే ఉంటాడన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. ఆవిడ అతని వేలు తీసి తన మోకాలి మీద పెట్టుకుంది.

“మొదట్నుంచి పెట్టండి,” అంది.

“ఈ పాటా?”

“అన్నీ.”

అతను జేబు వైపు చూడకుండానే మీట తడిమాడు.

లాండ్రీలో మేస్త్రీ దీపాలన్నీ ఆర్పి తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. డ్రమ్ములు చల్లబడ్డాయి. మడతల బల్ల పక్కన మేకుకి వేలాడుతున్న ఏప్రాన్ జేబులో, ఆవిడ మరిచిపోయిన కుడి చెవి ముక్క సన్నగా నీలంగా వెలుగుతూ, ఆరుతూ ఉంది.